అన్నీ తింటున్నానన్నాడు మా బావ

నాకు ఆపరేషన్ అంటే భయం లేదు. కత్తికి భయపడలేదు, మత్తుమందుకీ భయపడలేదు. అన్నం పోతుందేమోనని భయపడ్డాను. ఈ మాట పైకి చెబితే నవ్వుతారని మా బావకి ఒక్కడికే చెప్పాను.

బావ అంటే మా ఆవిడకి సొంత అన్నయ్య. ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు ఉంది, పడవల ఇంజన్లకి షాఫ్టులు చేసి ఇస్తాడు. నేను ఇనప కడ్డీలు తయారయ్యే ఒక ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాను. నేల మీద తిరిగే క్రేన్ కాదు, షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచేది. దాని క్యాబిన్‌లోకి వెళ్ళాలంటే నలభై రెండు ఇనప మెట్లు ఎక్కాలి. బావా నేనూ ఆనందపురం అవతల పక్కపక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. ఇద్దరివీ వ్యవసాయపు ఇళ్ళే. ఇద్దరం లావే.

ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళేవాళ్ళం. ఒక బండి మా ఇద్దరినీ మోయలేదు కాబట్టి రెండు బళ్ళ మీద వెళ్ళేవాళ్ళం. వేలంపాట అయ్యాక కానాగంత చేపలో, దొరికితే వంజరమో తెచ్చేవాళ్ళం. మా ఆవిడ పులుసు పెట్టేది. బావా నేనూ ఎదురెదురుగా కూర్చుంటే మిగతావాళ్ళు మా తర్వాత తినేవారు. తినేటప్పుడు మాట్లాడుకునేవాళ్ళం కాదు. మూడోసారి అన్నం పెట్టించుకునేటప్పుడు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. పెళ్ళిళ్ళలో, క్యాంటీన్‌లో జనం నా పళ్ళెం వైపు చూస్తారని నాకు తెలుసు. సగం కడుపుకే లేచిపోయేవాడిని. సిగ్గు లేకుండా తినగలిగింది మా బావ ఎదుట ఒక్కటే.

ఆపరేషన్ ముందు అతనికే అయింది. షుగరు బాగా పెరిగి, కాలి మీద పుండు మానకపోవడంతో డాక్టర్లు గట్టిగా చెప్పారు. పొట్టని చిన్నది చేసి, పేగు దారి మార్చి కలిపారు. ఏడాది తిరిగేసరికి సగం మనిషయ్యాడు. మెడ కింద ఎముకలు కనిపించాయి. చొక్కాలన్నీ బిగించి కుట్టించుకున్నాడు. ఆదివారాలు మా ఇంటికి రావడం తగ్గించేశాడు. పిలిస్తే, "షాపులో అర్జెంటు పనున్నాది బావా," అనేవాడు. సాయంత్రం వచ్చి అర గ్లాసు టీ తాగి వెళ్ళేవాడు. మనిషి ఎంత కట్టడి నేర్చుకున్నాడో అని మెచ్చుకునేవాడిని.

తర్వాత నా వంతు వచ్చింది. మోకాళ్ళు పోయాయి. ఇరవయ్యో మెట్టు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చేది. ఫ్యాక్టరీ డాక్టరు, వచ్చే ఏడాది ఇలాగే ఉంటే పైకి ఎక్కనివ్వలేనన్నాడు. నిద్రలో నాకు ఊపిరి ఆగి ఆగి వస్తోందని మా ఆవిడ ఏడ్చింది. అప్పుడు బావ దగ్గరికి వెళ్ళాను.

"బావా, నిజం సెప్పు. ఆపరేషన్ తర్వాత అన్నం తినగలమా?"

"ఎందుకు తినలేం? నాను తింతన్నాను కదేటి."

"సేపల పులుసో?"

"అన్నీ తింతన్నాను బావా. కొంచెం కొంచెం తింతాం, అంతే. రెండు నెల్లు ఓర్సుకో. మూడో నెల నుంచి నీ ఇష్టం."

అంతటితో ఆగలేదు. మర్నాడు గాజువాకలో ఒక మెస్‌కి తీసుకెళ్ళాడు. నా ఎదురుగా కూర్చుని గరిటెడు అన్నం పప్పుతో కలుపుకుని తిన్నాడు. వేయించిన చేప ముక్క ఒకటి తిన్నాడు. ప్రతి ముద్దకీ నా కళ్ళల్లోకి చూశాడు. చివరికి, "సూసావా?" అన్నాడు. అంతలో ఫోను వచ్చిందని బయటికి వెళ్ళి పది నిమిషాలకి వచ్చాడు. మొహం తడిగా ఉంది. ఎండ మండిపోతోందన్నాడు. నేను నా భోజనం పూర్తి చేసి, అతని పెరుగు కూడా తినేసి, ఆ సాయంత్రమే ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను.

ఆసుపత్రిలో నన్ను ఎవరూ మోసం చేయలేదు. ఏం తినాలో చెప్పే అమ్మాయి ఒకామె, డైటీషియన్, గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడింది. "ఒక్కొక్కరి పొట్ట ఒక్కోలా ఉంటుందండీ. కొందరికి అన్నం పడుతుంది, కొందరికి పడదు. కొందరికి నెలలు పడుతుంది, కొందరికి ఎప్పటికీ పడకపోవచ్చు. బ్రెడ్డు, గట్టి మాంసం, తీపి, వీటితో జాగ్రత్త. తినేటప్పుడు నీళ్ళు తాగకండి. తిన్నాక అరగంట ఆగి తాగండి," అంది. కాగితాల మీద రాసి కూడా ఇచ్చింది. నేను తలూపాను. లోపల మాత్రం, మా బావకి పడింది కదా అనుకున్నాను.

మొదటి వారాలు నీళ్ళు, పలచటి మజ్జిగ, వడగట్టిన పప్పుకట్టు. దగ్గుమందు సీసా మీద బోర్లించి ఇచ్చే చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది చూడండి, దానితో కొలుచుకుని గుక్క గుక్కగా తాగాను. ఒక మూతెడు తాగడానికి పావుగంట పట్టేది. తర్వాత చోడి అంబలి, అంటే రాగి జావ, ఆ తర్వాత మెత్తగా నలిపిన గుడ్డు. నాకేమీ కష్టమనిపించలేదు. ఆకలే లేదు. మా వంటింట్లోంచి వచ్చే పోపు వాసన పక్కింటివాళ్ళదిలా అనిపించేది. మూడో నెల కోసం రోజులు లెక్కపెట్టుకున్నాను.

మూడో నెలలో ఇడ్లీ దిగలేదు. నాలుగో నెలలో ఒక ఆదివారం మా ఆవిడ అన్నం బాగా మెత్తగా వండింది. కానాగంత ముళ్ళు తీసి, పులుసు తేట పోసి కలిపింది. మొదటి ముద్దకి పులుపు నాలుక మీద తగలగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండో ముద్ద వెళ్ళింది. మూడోది దిగలేదు. రొమ్ము మధ్యలో ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టుంది. నోట్లో నీళ్ళూరాయి, ఆ నీళ్ళు నురగయ్యాయి. వాష్‌బేసిన్ పట్టుకుని ముప్పావుగంట నిలబడ్డాను. నురగ వచ్చి వచ్చి, దాని వెనక ఆ మూడు ముద్దలూ మింగినవి మింగినట్టే వచ్చాయి. మా ఆవిడ నా వీపు రాస్తూ నిలబడింది. ఏమీ అనలేదు.

బావకి ఫోన్ చేశాను.

"బావా, నాకు అన్నం పడట్లేదు. కక్కీసినాను."

"నమలాలి బావా నువ్వు. ముప్పైసార్లు నమిలి మింగు. నీకు తొందరెక్కువ."

"నీకెప్పుడైనా ఇలగయ్యిందా?"

"నాకా? లేదే."

ఆ 'లేదే' నన్ను నాలుగు నెలలు తినేసింది. తప్పు నాదే అనుకున్నాను. ముప్పైసార్లు నమిలాను, నలభైసార్లు నమిలాను. నోట్లో అన్నం నీళ్ళయ్యేదాకా నమిలాను. అయినా ఒకరోజు దిగేది, మర్నాడు దిగేది కాదు. కోడికూర ఒక పీచు అడ్డం పడితే సాయంత్రం దాకా నీళ్ళు కూడా దిగేవి కాదు. దువ్వెనకి జుట్టు కుచ్చులుగా వచ్చేది. క్యాంటీన్‌లో చిన్న డబ్బా తెరిచి చెంచాతో పప్పు తింటుంటే తోటివాళ్ళు, "ఏటి బావా, పిల్లకి పెట్టింది నువ్వు తెచ్చుకున్నావా?" అని నవ్వేవారు. డైటీషియన్ ఫోన్ చేసి అడిగితే అన్నీ పడుతున్నాయని చెప్పాను. అంత చక్కగా తింటున్న బావని చూశాక, నేను తినలేకపోతున్నానని చెప్పుకోవడం సిగ్గనిపించింది.

ఎనిమిదో నెలలో ఫ్యాక్టరీలో ఒక సంగతి జరిగింది. తోటి ఆపరేటర్‌కి కూతురు పుట్టిందని మాడుగుల హల్వా పంచాడు. చిన్న ముక్క. వద్దంటే బాధపడతాడని నోట్లో వేసుకుని పైకి ఎక్కాను. అప్పటికి నలభై రెండు మెట్లూ ఆగకుండా ఎక్కగలుగుతున్నాను, ఆ మాట చెప్పాలి. క్యాబిన్‌లో కూర్చుని కడ్డీల కట్ట ఒకటి కొక్కేనికి లేపాను. షెడ్డు సగానికి వచ్చేసరికి ఒళ్ళంతా చెమట పట్టింది. గుండె దడదడలాడింది. చేతులు వణికాయి. కళ్ళ ముందు కింద మనుషులు చిన్నగా, మసగ్గా కనిపించారు. సైరన్ మోగించి, అందరూ పక్కకి తప్పుకున్నాక, కట్టని ఎక్కడ ఉంటే అక్కడ మెల్లగా దించి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుండిపోయాను. ఇద్దరు పైకి వచ్చి నన్ను పట్టుకుని దించారు. ఎవరికీ ఏమీ కాలేదు. నెల రోజులు నేల మీద పనిలో వేశారు.

ఆ సాయంత్రం బావకి చెబితే, "తీపి నాకేటీ సెయ్యదు బావా. నీ ఒళ్ళే అలగున్నాది," అన్నాడు.

నేల మీద పనికి పొద్దుటి షిఫ్టే. రెండింటికి ఖాళీ. ఒకరోజు నాకు ఆలోచన వచ్చింది. ఫోన్‌లో అడిగితే ఏం తెలుస్తుంది, భోజనం వేళకి షాపుకి వెళ్ళి, అతను ఎంత ముద్ద పెడతాడో, ఎలా నములుతాడో దగ్గరుండి చూసి నేర్చుకుందామని. నిజంగా అందుకే వెళ్ళాను.

లేత్ ఆగి ఉంది. స్టూలు మీద క్యారేజీ విప్పి ఉంది. ఒక గిన్నెలో అంబలి, ఒక గిన్నెలో నలిపిన పప్పు, ఒకదాంట్లో రెండు చెంచాల పెరుగు. నా క్యారేజీ చూసుకున్నట్టే ఉంది. షాపు వెనక కుళాయి దగ్గర బావ గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి గోడకి ఆనించి, తల వంచి, నోట్లోంచి తీగలా నురగ కారుతూ. ఆ కూర్చోవడం నాకు తెలుసు. పక్కన వాళ్ళావిడ తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. నాకు చెల్లెలి వరస.

"ఇవాళ ఒంట్లో బాలేదా?" అన్నాను. అప్పటికీ నాకు అర్థం కాలేదు.

"ఇవాళేటి అన్నయ్యా, రోజూ ఉన్నదే కదా. మీకు తెలుసు కదా," అందామె.

"నాకేటి తెలుసు?"

ఆమె మొగుడి వైపు చూసింది. "అన్నం పడట్లేదనీ, మూడేళ్ళ బట్టీ అంబలి మీదే ఉన్నారనీ మీకు సెప్పీసినానన్నారు. అంతా తెలిసే మీరు సేయించుకున్నారని సెప్పారు నాకు."

బావ నోరు కడుక్కుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

"గాజువాకలో తిన్నావు కదా బావా," అన్నాను. "నా కళ్ళెదురుగా తిన్నావు."

"తిన్నాను. ఫోనొచ్చిందని బయటికెల్లాను కదా. పక్క సందులో కక్కీసినాను."

"ఎందుకు?"

"నీ మంచికే. సేయించుకోకపోతే సచ్చిపోదువు."

"అది డాక్టర్లు సెప్పారు. నాను నిన్నడిగింది అన్నం గురించి."

వాళ్ళావిడ క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టడం మొదలుపెట్టింది. అతను లేత్ మీద ఇనప రజను వేలితో రాస్తూ అన్నాడు:

"ఆదివారాలు మీ ఇంటికి రాలేకపోయీవోణ్ణి బావా. పులుసు వాసనకే ఏడుపొచ్చీది. నాతోపాటు కూకునీవోడివి నువ్వొక్కడివే. నువ్వు అక్కడ తింతన్నావు, నాను ఇక్కడ ఒక్కణ్ణీ అయిపోనాను. నీకూ ఆపరేషన్ అయితే ఇద్దరం ఒకలాగుంతాం కదా అనుకున్నాను. నీకు పడితే పడనీ అని పైకి అనుకున్నాను గానీ, పడకూడదనే కోరుకున్నాను."

"మరి నాను ఫోన్ సేసినప్పుడల్లా?"

"అప్పుడెలగ సెప్పను?"

నేను బయటికి వచ్చి బండి తీస్తుంటే వెనకాలే వచ్చాడు. "మా సెల్లికి తెలుసు బావా. దాన్నేటీ అనకు," అన్నాడు. అంటే నా పెళ్ళానికి. నేను అడగకుండానే ఆ మాట కూడా నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ డాబా మీద చోళ్ళు ఎండబోస్తోంది. నా అంబలికి. నేను ఒక్కటే అడిగాను, మీ అన్నయ్య తినలేడని నీకు తెలుసా అని. ఆమె చెయ్యి ఆగింది. దాచే ప్రయత్నం చేయలేదు.

"తెలుసు. మా అమ్మ సంవత్సరీకం నాడు అన్నయ్య కక్కుతంటే నానే సూసినాను. మీకు సెప్పొద్దన్నాడు."

"వాడు సెప్పొద్దంటే?"

"సెప్తే మీరు సేయించుకోరు. మీకు అన్నం కావాలి. నాకు మీరు కావాలి. మీకు ఊపిరాగిపోతంటే పక్కన కూకుని లెక్కెట్టుకునీదాన్ని, పది లోపు మళ్ళీ వొస్తాదా రాదా అని. మీరైతే ఏటి సేసీవోరు?"

వాష్‌బేసిన్ దగ్గర నా వీపు రాస్తూ ఆమె ఎందుకు మాట్లాడలేదో అప్పుడు తెలిసింది. నేను నమలడం చేతకాక చస్తున్నానని నాలుగు నెలలు అనుకుంటుంటే, అది నా తప్పు కాదని ఒక్క మాట అనగలిగిన మనుషులు ఇద్దరు ఉన్నారు. ఇద్దరూ అనలేదు. మోసం ఆపరేషన్‌కి ముందు జరిగిందని అందరూ అనుకుంటారు. నాకు ఎక్కువ తగిలింది ఆ తర్వాత జరిగినదే.

పది రోజులు ఆమె చేతి తిండి తినలేదు. అంబలి నేనే కాచుకున్నాను. ఉండలు కట్టింది, మాడింది, అయినా అదే తాగాను. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. అది ఎంత చిన్నతనమో నాకు తెలుసు. చేతిలో ఉన్నది అదొక్కటే అనిపించింది.

పదకొండో రోజు ఒక్కడినే డైటీషియన్ దగ్గరికి వెళ్ళి అన్నీ నిజం చెప్పాను. హల్వా సంగతితో సహా. ఆమె కోప్పడలేదు. పరీక్షలు చేయించింది. నా లోపల అడ్డం ఏమీ లేదని, నా పొట్ట అన్నాన్ని ఒప్పుకోవడం లేదని, అంతేనని తేలింది. తీపికి చెమటలు పట్టడం ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామందికి ఉండేదేనంది. ఏది పడిందో ఏది పడలేదో రాసుకోమంది. రాసుకుంటూ పోతే ఆవిరి మీద ఉడికించిన చందువా చేప బాగా పడుతుందని తెలిసింది. పెసరకట్టు, గుడ్డు, మెత్తటి సొరకాయ పడతాయి. రొయ్య పడదు. నేను వెళ్ళబోతుంటే, "మీ బావగారు మా దగ్గరికి వచ్చి రెండేళ్ళయింది. ఫోన్ ఎత్తరు. రోజూ వాంతులు కావడం మామూలు విషయం కాదు, ఒకసారి తీసుకురాగలరా?" అంది.

తీసుకెళ్ళకూడదనే అనుకున్నాను. వారం గడిచాక వాళ్ళావిడ ఫోన్ చేసింది. అరికాళ్ళు తిమ్మిరెక్కి, షాపులో రెండుసార్లు తూలి పడబోయాడని, చెబితే వినడం లేదని. తిరిగే లేత్ పక్కన తూలడమంటే ఏమిటో ఇనుము దగ్గర పనిచేసేవాడిని, నాకు తెలుసు. ఆటో ఎక్కించి తీసుకెళ్ళాను. ఒంట్లో విటమిన్లు అడుగంటిపోయాయన్నారు, సూదులు రాశారు. గొంతులోంచి గొట్టం వేసి చూస్తే, పొట్టా పేగూ కలిపిన చోట దారి మూసుకుపోయి సన్నటి బెజ్జంలా ఉంది. మూడేళ్ళుగా అలాగే ఉంది. అంతకుముందు బద్ధకించాడు, నన్ను నమ్మించాక ఆ మాట బయట పడుతుందని డాక్టర్ల దగ్గరికి అసలే వెళ్ళలేదు. లోపలే బుడగలాంటిది ఊదించి దారి వెడల్పు చేశారు. మూడుసార్లు చేశారు. మూడుసార్లూ నేనే తీసుకెళ్ళాను.

రెండు నెలలకి అతను అన్నం తిన్నాడు. మెత్తటి అన్నం, పప్పు, తర్వాత చేపల పులుసు. కక్కలేదు. వాళ్ళావిడ సంతోషంతో ఫోన్ చేసి మమ్మల్ని భోజనానికి రమ్మంది. వెళ్ళాం. నా ఎదురుగా కూర్చుని అతను కప్పు అన్నం, కానాగంత ముక్క తిన్నాడు. మధ్యలో ఆగి, "నీకూ పడతాది బావా, సూడు," అన్నాడు. నాకు పడదని డాక్టర్లు చెప్పారని అతనికి తెలుసు. నేను చందువా ముక్క చెంచాతో చిదుపుకుంటూ కూర్చున్నాను. అతను చెప్పిన అబద్ధం అతని విషయంలో నిజమైంది. నా విషయంలో కాలేదు. ఆ పూట అతని మీద నాకు వచ్చినంత కోపం షాపులో నిజం తెలిసిన రోజు కూడా రాలేదు.

ఇది జరిగి ఏడాదిన్నర అవుతోంది. నేను మళ్ళీ క్యాబిన్‌లోకి ఎక్కాను. మోకాళ్ళ నొప్పులు లేవు, నిద్రలో ఊపిరి ఆగడం లేదు. బావ నిజం చెప్పి ఉంటే ఈ ఆపరేషన్ చేయించుకునేవాడినా అని ఎవరైనా అడిగితే చెప్పలేను. చేయించుకునేవాడినేమో. చేయించుకునేవాడినని అనుకోవడానికే ఇష్టపడతాను. కానీ ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే నిజం నా ముందు పెట్టి వాళ్ళు నన్ను అడగలేదు.

బావా నేనూ మాట్లాడుకుంటాం. పండగలకీ పనులకీ కలుస్తాం. ఏదైనా నిజంగా తెలుసుకోవాల్సి వస్తే మాత్రం వేరేవాళ్ళని అడుగుతాను. మా ఆవిడ పద్ధతి మారింది. ఇప్పుడు నేను అడగకుండానే అన్నీ చెబుతుంది. పప్పు అడుగంటిందని, పెరుగు నిన్నటిదని, చేప ఐసులో రెండు రోజులు ఉన్నదని చేపలావిడే ఒప్పుకుందని. ఒక్కో గిన్నె నా ముందు పెడుతూ, దాని లోపం ముందు చెప్పి తర్వాత చెంచా ఇస్తుంది. నేను తలూపుతాను. ఆ తర్వాత కూడా చెంచా కొసతో కొంచెం తీసుకుని, నాలుక మీద పెట్టుకుని, కాసేపు ఆగి చూస్తాను. ఆమె అది గమనిస్తుంది. పక్కన కూర్చుని తన అన్నం తను తింటుంది.